ఊరంతటికీ పేరు రాసిన చేతికి పేరేదీ?

ఆదోని స్టేషన్‌లో రైలు ఇంకా ఆగకముందే కిటికీ పక్కన కూర్చున్నవాడికి ఊరి పేరు కనబడిపోతుంది. పసుపు పలక మీద నల్లటి అక్షరాలు. కదిలే బండిలోంచి, మిట్టమధ్యాహ్నపు ఎండలో, నిద్రమొహంతో చూసినా దొరికిపోయే రంగుల జత అది. పగటి వెలుగులో మనిషి కన్ను అన్నిటికన్నా బాగా పట్టుకునేది పసుపుకూ ఆకుపచ్చకూ నడుమ ఉండే కాంతినని, దాని తరంగదైర్ఘ్యం 555 నానోమీటర్లని శాస్త్రం కొలిచి చెప్పింది. ఆ కొలతలేవీ చూడకుండానే, కొందరైతే బడికి కూడా సరిగా పోకుండానే, ఇదే సంగతి ఒంటబట్టించుకున్న మనుషులు మన ఊళ్లలో ఉన్నారు. అంగళ్లకు బోర్డులు రాసే పెయింటర్లు. ఏ రంగు మీద ఏ రంగు నిలుస్తుందో, ఏ అక్షరాన్ని లావు చేస్తే దారిన పోయేవాడి చూపు ఇటు మళ్లుతుందో వాళ్లకు తెలిసినంతగా ఈ ప్రాంతంలో ఇంకెవరికీ తెలియదు. మరి వాళ్ల గురించి మనకేం తెలుసు? ఆదోనిలోగానీ ఎమ్మిగనూరులోగానీ ఒక్క పెయింటర్ పేరు ఠక్కున చెప్పగలమా?

ఆదోనిని రెండో బొంబాయి అన్నారు ఒకప్పుడు. ఆ వైభవాన్ని తలుచుకునేటప్పుడు పత్తి సేట్ల పేర్లు చెబుతాం, జిన్నింగ్ మిల్లుల గురించి చెబుతాం, బంగారు అంగళ్ల గురించి చెబుతాం. ఆ వ్యాపారానికి ముఖం గీసి ఇచ్చింది ఎవరు? పల్లె నుంచి బండి కట్టుకొచ్చిన రైతు వరసగా ఉన్న మండీల్లో తనకు అలవాటైనది ఏదో ఎలా గుర్తుపట్టాడు? చదివి గుర్తుపట్టే వీలు చాలామందికి లేదు. 2011 జనాభా లెక్కల నాటికి కూడా కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఉంది. అంతకు నలభై ఏళ్ల ముందు ఈ పడమటి పల్లెల్లో ఎంతమందికి అక్షరం వచ్చి ఉంటుందో మీరే అనుకోండి. అలాంటి రైతుకు మండీ అంటే పచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలు, పక్కన ఎద్దుల జత. దర్జీ అంగడి అంటే నోరు తెరిచిన కత్తెర. కళ్లద్దాల అంగడి అంటే రెప్ప వేయకుండా చూసే రెండు కళ్లు. పళ్ల డాక్టరు అంటే గులాబీ చిగుళ్లతో సహా పలువరస. తాళాలు బాగుచేసేవాడి దగ్గర మూరెడు తాళంచెవి. చదువు రానివాడు ఎవరినీ అడుక్కోకుండా, తలొంచుకోకుండా నేరుగా తనకు కావలసిన అంగట్లోకి నడిచిపోయాడంటే అది ఈ పెయింటర్ల చలవ. అక్షరం రాని జనానికి ఊరు చదవడం నేర్పారు వాళ్లు. ఆ పని చేసినందుకు బళ్లో అయ్యవారికి నమస్కారం పెడతాం. వీళ్లకు టీ తాగమని కూడా అనం.

దేశమే ఈ చేతుల మీద ఆధారపడింది. 1951–52లో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు ఓటర్లలో ఎక్కువమందికి చదువు లేదు గనకే గుర్తులు ఇచ్చారు. ఎన్నికల సంఘంలో పనిచేస్తూ ఎన్నో గుర్తుల్ని పెన్సిలుతో గీసిన ఎం.ఎస్. సేఠీ పేరు పత్రికలకెక్కింది, సంతోషం. ఆ గుర్తుల్ని కౌతాళం, కోసిగి, ఆలూరు గోడల మీదికి నిచ్చెనెక్కి చేర్చినవాళ్ల పేర్లు ఏ పత్రికలో వచ్చాయి? కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం గుర్తుందా? తల్లకిందులుగా ఉన్న మూడు గీతలు, పక్కన నవ్వుతున్న నాలుగు ముఖాలు. 1960ల చివర ఆ గుర్తును ఊరూరికీ చేర్చిన అధికారి దీప్ త్యాగి. ఆయన పేరు మీద ఇవాళ ఒక అంతర్జాతీయ సంస్థ నడుస్తోంది. అది న్యాయమే. అదే త్రికోణాన్ని మన ఆరోగ్య కేంద్రాల గోడల మీద, బస్టాండు స్తంభాల మీద, ఎండకు మాడిపోతూ, అంచు చెదరకుండా గీసినవాడికి దక్కింది రోజు కూలీ.

పని అంత తేలికైనదని తక్కువ చేశామా? అలాగైతే ఒక బోర్డు ఎలా పుడుతుందో చూడాలి. ఎనిమిదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు రేకు. దాన్ని ఉప్పుకాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ ఒక పూత వేసి, అది ఆరాక నేల రంగు రెండు పూతలు వేస్తారు. రాయాల్సింది 'శ్రీ నీలకంఠేశ్వర క్లాత్ స్టోర్స్' అనుకుందాం. ఎమ్మిగనూరులో ఊరి స్వామి పేరు పెట్టుకోవడం కన్నా సహజమైనది ఏముంది? పెయింటర్ వెంటనే కుంచె పట్టడు. రేకును గోడకు ఆనించి రోడ్డు దాటి అవతలికి పోతాడు. అక్కడ నిలబడి, బస్సులో పోయేవాడు ఎంత దూరం నుంచి చూస్తాడో, ఎన్ని క్షణాలు చూస్తాడో లెక్క వేసుకుంటాడు. తిరిగి వచ్చి సుద్ద పూసిన దారాన్ని రెండు చివరలా బిగించి, నడుమ పట్టుకుని లాగి వదులుతాడు. రేకు మీద తెల్లటి గీత పడుతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలకైతే రెండు గీతలు చాలు. తెలుగుకు చాలవు. పైన గుడికీ ఏత్వానికీ ఓత్వానికీ చోటు కావాలి, కింద వత్తులకు చోటు కావాలి. 'క్లా' కింద ల వత్తు, 'స్టో' కింద ట వత్తు, 'శ్వ' కింద వ వత్తు. వీటికి చోటు తగ్గితే వత్తులు అంచుకు కొట్టుకుంటాయి. ఎక్కువ వదిలితే అసలు అక్షరం చిన్నబోయి దూరానికి ఆనదు. అందుకని స్వామి పేరును చిన్న అక్షరాల్లో విల్లులా వంచి పైకెత్తుతాడు. ఆ వంపు కింద 'క్లాత్ స్టోర్స్'ను రేకు నిండుగా నిలబెడతాడు. కన్ను ముందు పెద్ద మాట మీద వాలుతుంది, అక్కడి నుంచి వంపు వెంట పైకి పోయి స్వామి పేరును పట్టుకుంటుంది, చివరికి కింది మూలలో ఉన్న వీధి పేరు దగ్గర దిగుతుంది. చూసేవాడు తానే చూస్తున్నాననుకుంటాడు. ఆ దారి వేసినవాడు పెయింటర్.

ఇక రంగు. ఎడమ చేతిలో గుడ్డ చుట్టిన కర్ర, దాని మీద ఆనించిన కుడి మణికట్టు, కుంచె కొసన ఎనామిల్. పసుపు నేల మీద ఎర్ర అక్షరం, ఆ అక్షరానికి కుడి పక్కనా కిందా నల్లటి నీడ. నీడ పడగానే అక్షరం రేకు మీద నుంచి వేలెడు లేచి నిలబడుతుంది. అన్ని అక్షరాలకూ నీడ ఒకే దిక్కున, ఒకే మందంతో పడాలి. ఒక్కదానికి తప్పినా చూసేవాడికి ఎక్కడో ఏదో కుదరలేదని తెలిసిపోతుంది. చివరగా ఎరుపు మీద సన్నటి తెల్ల మెరుపు. ఆ మెరుపును గుండ్రటి అక్షరం ఒంపులో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలియడానికి ఏళ్ల తరబడి గురువు దగ్గర కుంచెలు కడగాలి, రేకులు రుద్దాలి, నేల పూతలు వేయాలి. గీత గీయనిచ్చేది ఆ తర్వాతే. ఇంత క్రమశిక్షణ ఉన్న విద్యను సంగీతంలో చూస్తే ఘరానా అంటాం, శిల్పంలో చూస్తే సంప్రదాయం అంటాం. రోడ్డు పక్కన చూస్తే మాత్రం మనకు పట్టదు!

ఆదోని పెయింటర్‌కు ఇంకో బరువు ఉంది. 1953 అక్టోబరు 1 దాకా ఇది బళ్లారి జిల్లా. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, వాటితోపాటే కన్నడమూ వచ్చింది. ఉర్దూ అంతకు ముందు నుంచే ఉంది. బిజాపూరు సుల్తానుల తరఫున ఇక్కడ పాలించిన సిద్ది మసూద్ ఖాన్ 17వ శతాబ్దంలో కట్టించిన షాహీ జామియా మసీదే సాక్ష్యం. కాబట్టి ఇక్కడి పెయింటర్ మూడు లిపులను మణికట్టులో పెట్టుకోవాలి. తెలుగు తలకట్టు కొస పైకి లేస్తుంది. కన్నడ తలకట్టు అడ్డంగా సాగుతుంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఒక్కో మాట మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది, ఒక చుక్క చోటు తప్పితే అక్షరమే మారిపోతుంది. ఒకే రేకు మీద తెలుగు ఎడమ నుంచి, ఉర్దూ కుడి నుంచి బయలుదేరితే చూసే కన్ను ఎక్కడ నిలవాలి? అందుకే నడుమ ఒక అత్తరు సీసానో, చేతి గడియారమో గీసి రెండు చూపులనూ అక్కడ కలిపేవారు. మూడు భాషల జనాన్ని ఒక్క రేకు మీద ఎవరికీ చిన్నతనం లేకుండా కూర్చోబెట్టినవాణ్ని పండితుడనకపోతే ఇంకేమనాలి?

జనం చూడడానికి రాయడమనే పనికి ఈ జిల్లాలో రెండు వేల సంవత్సరాలకు పైబడిన చరిత్ర ఉంది. పత్తికొండ, గుత్తి నడుమ ఎర్రగుడి బండల మీద అశోకుడు క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో చెక్కించిన శాసనాలున్నాయి. దారిన పోయే మనిషి ఆగి చూడాలని బహిరంగంగా పెట్టిన రాత అది. అక్కడి ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. ఆ రాతను చూడడానికి దేశదేశాల పండితులు వచ్చారు. ప్రభుత్వం కంచె వేసి కాపాడుతోంది. కాపాడాల్సిందే. అదే జిల్లాలో ఎనామిల్‌తో రాసిన బోర్డును దింపి తుక్కు అంగట్లో కిలో లెక్కన అమ్ముతుంటే అడిగే నాథుడు లేడు. బతికున్న విద్యను తూకానికి వేసే ఊళ్లు మనవి.

ఇప్పుడు ఆ రేకుల స్థానంలో ఏముందో కళ్లు తెరిచి చూడండి. ఫ్లెక్సీ. పుట్టినరోజుకు ఫ్లెక్సీ, పదవికి ఫ్లెక్సీ, తద్దినానికి ఫ్లెక్సీ. పైన ఇద్దరు ముగ్గురు నాయకులు, పక్కన ఇంకొందరు, కింద తపాలా బిళ్లల్లా ముప్ఫై నలభై తలకాయలు, నడుమ ఎవరి గురించో తెలియని శుభాకాంక్షలు. మనిషి చూపు ముందు ముఖాల మీదికే పోతుందని రష్యాలో యార్బుస్ అనే శాస్త్రవేత్త కంటి కదలికలను నమోదు చేసి చూపించాడు. 1967లో ఆయన పుస్తకం ఇంగ్లీషులో కూడా వచ్చింది. మరి నలభై ముఖాలు ఒకేసారి పిలిస్తే కన్ను ఎవరి దగ్గరికి పోవాలి? ఎవరి దగ్గరికీ పోదు, మొత్తంగా తిప్పేసుకుంటుంది. అన్నీ ఒకేలా ఉన్నచోట వేరుగా కనబడే ఒక్కటే మనసులో నిలుస్తుందని 1933లో జర్మనీలో ఫాన్ రెస్టోర్ఫ్ అనే మనస్తత్వవేత్త తేల్చింది. మన పెయింటర్ బోర్డంతా ఒక రంగులో రాసి 'జౌళి' అన్న ఒక్క మాటను వేరే రంగులో రాసినప్పుడు చేసింది సరిగ్గా అదే. ఫ్లెక్సీ మీద ఏడు రంగులూ ఒకేసారి అరుస్తాయి. అక్షరాలను అడ్డంగా సాగదీసి చోటు నింపుతారు. వత్తులు పక్క అక్షరం మీదికి ఎక్కుతాయి. పొల్లు ఊడిపోయినా దిద్దేవాడు ఉండడు. అయినా చవక అంటారు. రెండు ఎండాకాలాలకు వెలిసిపోయి, చిరిగి, కాలవకు అడ్డంపడే ప్లాస్టిక్ చవకా? పాతికేళ్లు ఎండకూ వానకూ నిలబడిన ఎనామిల్ బోర్డు ఖరీదా? ఈ లెక్క కట్టింది ఎవరు?

పాలకులు ఏమీ అనలేదా అంటే అన్నారు. 2022 ఆగస్టులో విశాఖపట్నంలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలను రాష్ట్రమంతటా నిషేధిస్తున్నామని ప్రకటించారు. నవంబరు 1 అన్న గడువు 2023 జనవరి 26కు జరిగింది. ఆ మాట విని ఎన్ని ఇళ్లలో మూల పడేసిన కుంచెలు కిరసనాయిల్లో నానబెట్టి ఉంటారు! ఇవాళ ఆదోనిలో ఏ కూడలికైనా వెళ్లి నిలబడండి. ఎమ్మిగనూరు బస్టాండు ముందు నిలబడండి. నిషేధం ఎక్కడుంది? మాట ఇచ్చిన ప్రభుత్వం పోయింది, కొత్త ప్రభుత్వం వచ్చింది, రెండు పక్షాల ఫ్లెక్సీలూ గాలికి టపటపా కొట్టుకుంటూనే ఉన్నాయి. గోడ రాతల మీద ఎన్నికల నిబంధనలు బిగించినప్పుడు మాత్రం అమలు చక్కగా జరిగింది. పెయింటర్ నోటికాడి కూడు తీసే నిబంధన అమలవుతుంది, అతనికి కూడు పెట్టే నిబంధన అమలు కాదు. ఇదేం న్యాయం?

నేతగాళ్ల సంగతి చూడండి. 1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టారు. అప్పటిదాకా విడివిడిగా మగ్గం గుంతల్లో కూర్చున్న మనుషులు ఒక్కటయ్యారు, ఎమ్మిగనూరు పేరు బట్ట మీద దూరదేశాలకు పోయింది, సోమప్పకు పద్మశ్రీ వచ్చింది. ఆ మగ్గాలకూ కష్టాలు వచ్చాయి, వాటి గురించి వేరే రాయాలి. అయినా నేతకు ఒక సోమప్ప దొరికాడు. రాతకు ఎవరు దొరికారు? అంచుకు ఏ రంగు వేస్తే చీర ఒడలు వెలుగుతుందో తెలిసిన నేతగాడూ, నేలకు ఏ రంగు వేస్తే అక్షరం వెలుగుతుందో తెలిసిన పెయింటరూ ఒకే చదువు చదివినవాళ్లు. ఒకరిది వారసత్వం అయింది, ఇంకొకరిది కూలిపని అయింది. 2023 సెప్టెంబరు 17న కేంద్రం పీఎం విశ్వకర్మ పథకం తెచ్చింది. 18 వృత్తులు. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, స్వర్ణకారులు, క్షురకులు, రజకులు, దర్జీలు, పూలదండలు కట్టేవాళ్లు, చేపల వలలు అల్లేవాళ్లు. 15,000 రూపాయల పనిముట్ల సాయం, తక్కువ వడ్డీకి 3 లక్షల దాకా అప్పు. అందరూ ఉండాల్సినవాళ్లే. ఆ పద్దెనిమిదిలో బోర్డు రాసేవాడు లేడు. ఆ పద్దెనిమిది మంది అంగళ్లకూ పేరు రాసిందే అతనయ్యా! జాబితా తయారుచేసినవాళ్లు ఒక్కసారి వీధిలోకి తలెత్తి చూసి ఉంటే సరిపోయేది.

ఎం.ఎఫ్. హుసేన్ బొంబాయిలో సినిమా హోర్డింగులు గీసి కడుపు నింపుకున్నాడు. అసలు బొంబాయి గోడల మీద నుంచి ఒక హుసేన్ లేచి దేశానికి కనబడ్డాడు. రెండో బొంబాయి తన గోడల మీద చెయ్యి తిరిగినవాళ్లలో ఒక్కణ్నయినా లేవనిచ్చిందా? హనీఫ్ కురేషీ అనే కళాకారుడు ఢిల్లీ వీధి పెయింటర్ల అక్షరాలను సేకరించి, ఆ పెయింటర్ల పేర్లతోనే కంప్యూటర్ ఫాంట్లు చేయించాడు. 2024లో ఆయన కన్నుమూశాడు, పని మిగిలింది. మనకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు పేర్లతో ఫాంట్లున్నాయి. కవులకూ భాషావేత్తలకూ ఆ గౌరవం తగినదే. ఆదోని మెయిన్ బజారులో తలకట్టును దీపం కొసలా సాగదీసిన చేతిరాతకు ఒక్క ఫాంటు చేసే ఓపిక మనలో ఎవరికీ లేకపోయిందేం? కడపలో 2020లో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం వచ్చింది. అయ్యా, ఆచార్యులారా, మీ విద్యార్థులను ఒక నెల మా ఊళ్లకు పంపండి. ఈ రేకులు తుక్కుకు పోకముందే ఫొటోలు తీయించండి, కొలతలు రాయించండి, రాసినవాళ్లు బతికుండగానే వాళ్ల నోట ఆ లెక్కలు చెప్పించుకోండి.

ఎందుకంటే ఆ చేతులు ఇక్కడ నిలవడం లేదు. వానలు మొహం చాటేస్తే పడమటి కర్నూలు పల్లెలు సుగ్గికి వలస పోతాయి. గుంటూరు మిరప చేలకు, బెంగళూరు కట్టడాలకు. పెయింటర్లు కూడా అదే బస్సెక్కుతున్నారు. మూడు లిపులు రాసిన చెయ్యి బెంగళూరు అపార్ట్‌మెంట్ గోడకు రోలర్‌తో తెల్ల సున్నం తోముతోంది. ఇక్కడ మిగిలినవాళ్లు బండి నంబర్లు, గేట్ల మీద ఇంటి పేర్లు రాసుకుంటున్నారు. వాళ్ల పిల్లలు కుంచె పట్టరు. పట్టమని చెప్పే మొహం మనకుందా?

మున్సిపల్ కమిషనర్లకు, చైర్మన్లకు, శాసనసభ్యులకు చెబుతున్నాను. మీరు దానం చేయనక్కర్లేదు, పని ఇవ్వండి. వీధి పేర్ల బోర్డులు, బడి గోడలు, పార్కులు, కొళాయి ట్యాంకులు, అంగన్‌వాడీలు ఎన్ని లేవు? ఆ టెండర్లో 'చేత్తో రాయవలెను' అన్న ఒక్క షరతు పెట్టండి. ఐటీఐల్లో తెలుగు అక్షరం రాయడాన్ని పాఠంగా పెట్టించండి, పాఠం చెప్పడానికి పెద్ద పెయింటర్లనే పిలిపించండి, డిగ్రీ అడక్కండి. పద్దెనిమిది వృత్తులను పందొమ్మిది చేయమని ఢిల్లీకి ఒక ఉత్తరం రాయండి. అంగళ్ల యజమానులారా, మీ తాతల నాటి బోర్డు దింపేముందు దాని మీద అక్షరాన్ని ఒక్కసారి వేలితో తడిమి చూడండి, ఆ తర్వాత దింపబుద్ధి అయితే దింపండి. పుష్యమాసంలో నీలకంఠేశ్వరుడి జాతర చేసే పెద్దలారా, రథం వీధిలో ఈసారి ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టనివ్వమని ఇప్పుడే చెప్పండి. స్వాగతం గుడ్డ మీద చేత్తో రాయించండి, డబ్బులు ముందే ఇవ్వండి, రాసినవాడి పేరు, ఊరు, ఫోన్ నంబరు అడుగున బెత్తెడు అక్షరాల్లో అతని చేతనే రాయించండి.